తరాజూలో రెండో పళ్ళెం

2021 ఏప్రిల్. రంజాన్ మొదలై వారం కూడా కాలేదు. కర్నూలు నుంచి మా ఖాలా వాట్సాప్‌లో ఒక బొమ్మ పంపింది. కరోనా వైరస్‌కి చెందిన ఒక ప్రోటీన్ బూడిదరంగు ముద్దలా ఉంది. దాని గుంటలో ఆకుపచ్చ పుల్లల్లాంటి అణువు ఒకటి కూచుని ఉంది. పక్కన మైనస్ తొమ్మిది చిల్లర అంకె. కింద ఉర్దూలో ఒక లైను: కలోంజీతో కరోనా ఖతం, కంప్యూటర్ సాబిత్ చేసింది. బొమ్మ వెనకాలే ఫోన్. "బేటీ, నువ్వు చేసేది ఇదే పని కదా. ఈ నంబరు మంచిదేనా?"

హైదరాబాద్‌లో ఒక మందుల పరిశోధన కంపెనీలో నేను అప్పటికి పదకొండేళ్ళుగా చేస్తున్నది నిజంగా ఇదే పని. ఏ రసాయనం ఏ ప్రోటీన్‌కి అతుక్కుంటుందో కంప్యూటర్‌లో అంచనా కట్టడం. ఆ సాయంత్రం ఇఫ్తార్ హడావుడిలో ఉన్నాను. బొమ్మ చూశాను, వాడిన సాఫ్ట్‌వేర్ ఏదో గుర్తుపట్టాను, అంకె చూశాను. "నంబరు మంచిదే ఖాలా" అన్నాను. అది అబద్ధం కాదు. ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చే అంకెల్లో మైనస్ తొమ్మిది మంచిదే.

ఖాలా అడిగిన సవాల్ అది కాదని నాలుగు రోజుల తర్వాత తెలిసింది. ఖాలూకి అప్పటికే జ్వరం. "బేటీ కూడా మంచిదే అంది" అని ఇంట్లో ఫైసలా అయిపోయింది. కలోంజీ, తేనె, ఆవిరి. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి ఆక్సిజన్ 82. అల్లా దయ, ఖాలూ బతికారు. మెట్లెక్కితే ఇప్పటికీ ఆయాసం. నీ మాట వల్లే ఆలస్యమైందని ఖాలా ఒక్కసారి కూడా అనలేదు. అనకపోవడమే నాకు బరువు.

కలోంజీ మీద మన ఇళ్ళలో ఉన్న అఖీదా గురించి కాదు ఈ రాత. అది దీన్ సంగతి, దానికి కంప్యూటర్ గవాహీ అక్కర్లేదు. నేను రాయదలచింది ఆ గవాహీ ఇచ్చిన కంప్యూటర్ గురించి. దాని మాట ఎంతవరకు నమ్మొచ్చో ఎవరు పరీక్షించారు? ఆ పరీక్షల్లో ఇన్సాఫ్ ఎంత? దీనికో తారీఖ్ ఉంది. నలభై ఏళ్ళది. నా పని మధ్యలో ముక్కలుగా తెలిసిన ఆ తారీఖ్‌ని ఖాలూ ఇంటికొచ్చాక మొదటినుంచి కూచుని చదివాను.

మందు అణువు తాళంచెవి, శరీరంలోని ప్రోటీన్ తాళం. ఈ మిసాల్ జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ 1894లో ఎంజైముల గురించి చెప్పినది. తాళం ఆకారం కచ్చితంగా తెలిస్తే వేల చెవుల్ని చేత్తో తిప్పిచూడకుండా కంప్యూటర్‌లోనే తిప్పిచూడొచ్చు కదా అన్నది తర్వాతి ఆలోచన. 1982లో శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఇర్విన్ కుంట్జ్, ఆయన సాథీలు ఆ పని చేసి చూపించారు. ప్రోటీన్ గుంటను చిన్నచిన్న గోళాలతో నింపి, ఆ గోళాల అమరికలో అణువు ఇముడుతుందా లేదా అని లెక్కకట్టారు. ఆ ప్రోగ్రామ్ పేరు డాక్. ఓడ రేవులో కుదురుగా ఆగినట్టు అణువు గుంటలో ఆగడం. అందుకే ఈ పనికి డాకింగ్ అనే పేరు నిలిచిపోయింది. మొదట చూసిన జంటలు రెండు: మయోగ్లోబిన్‌లో హీమ్, ప్రీఆల్బుమిన్‌లో థైరాయిడ్ హార్మోన్. రెండింటికీ జవాబు ముందే తెలుసు. జవాబు తెలిసిన లెక్కను మళ్ళీ చేయించి, పిల్లవాడికి లెక్కలు వచ్చు అన్నట్టు. మొదటి అడుగుకి అది చాలు, తప్పు పట్టను.

ఆ రోజుల్లో ఉత్సాహం మాత్రం ఆకాశంలో ఉంది. 1981 అక్టోబర్‌లోనే అమెరికా పత్రిక ఫార్చూన్ మెర్క్ కంపెనీలో కంప్యూటర్‌తో మందులు డిజైన్ చేయడాన్ని కవర్ మీద వేసి, రాబోయే పారిశ్రామిక విప్లవం ఇదేనంది.

1990లో కుంట్జ్ బృందం ఎయిడ్స్ వైరస్ ప్రోటీయేజ్ అనే ఎంజైము మీద దాదాపు 10,000 అణువుల్ని కంప్యూటర్‌లో తిప్పిచూసింది. ఆ జాబితాలో తేలిన ఒక అణువు వెంట పోతే హాలోపెరిడాల్ దొరికింది. మానసిక రోగాలకు వాడే పాత మందు. ప్రయోగశాలలో అది నిజంగానే ఆ ఎంజైమును ఆపింది. కాకపోతే చాలా బలహీనంగా. మనిషికి ఆ మోతాదు ఇస్తే రోగానికంటే ముందు మందే ప్రమాదం. వాళ్ళు ఆ మాట దాచలేదు. కాగితం మీది గుంటలోకి దూరిన అణువు గాజుగొట్టంలోనూ కొంచెమైనా పనిచేసింది, అదే వాళ్ళ ఖుషీ.

ఇక్కణ్ణుంచి డాకింగ్ ప్రోగ్రాములు బోలెడు వచ్చాయి. ప్రతిదీ నాదే మేలంది. అప్పుడు పరీక్ష కావాల్సి వచ్చింది.

పరీక్ష పద్ధతి చెప్పడానికి తేలిక. ఒక ప్రోటీన్‌కి నిజంగా అతుక్కుంటాయని తెలిసిన అణువులు కొన్ని తీసుకో. వాటిని పనిచేయని అణువుల గుంపులో కలుపు. ప్రోగ్రామ్‌తో మొత్తానికి ర్యాంకులు వేయించు. అసలీవి పైకొస్తే ప్రోగ్రామ్ మంచిది. స్విట్జర్లాండ్‌లో బిసాంట్జ్, ఫోల్కర్స్, రోన్యాన్ 2000లో చేసిన పరీక్ష ఇలాంటిదే, చాలామంది దాన్నే నమూనాగా తీసుకున్నారు. పది అసలీ అణువులు, రసాయనాల కేటలాగ్ నుంచి ఎలా పడితే అలా ఏరిన 990. మొత్తం వెయ్యి. పనిచేయనివిగా కలిపే ఈ గుంపుకి తర్వాత డికాయ్‌లు అనే పేరు స్థిరపడింది.

ఎలా పడితే అలా ఏరడం అంటే పక్షపాతం లేనట్టే కదా అనిపిస్తుంది. నాకూ కొత్తలో అలాగే అనిపించింది. పోలీసు స్టేషన్‌లో గుర్తింపు పరేడ్ ఊహించుకోండి. అనుమానితుడు గడ్డం ఉన్న కుర్రాడు. అతని పక్కన నిలబెట్టిన తొమ్మిదిమందికీ గడ్డాల్లేవు. సాక్షి వచ్చి గడ్డం కుర్రాడి మీద వేలు పెడతాడు. సాక్షి మొహం గుర్తుపట్టాడా, గడ్డం గుర్తుపట్టాడా? ఈ సవాల్ ఎందుకు వేయాలో మన వాళ్ళకి నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. పరేడ్‌లో ఇన్సాఫ్ కావాలంటే పక్కన నిలబడే వాళ్ళు అనుమానితుణ్ణి పోలి ఉండాలి. అదే ఈ కథ అంతటికీ ఇరుసు.

డాకింగ్‌లో ఆ గడ్డం ఏమిటంటే, సైజు. ప్రోగ్రామ్ స్కోరు ఎలా వేస్తుంది? అణువులోని ఒక్కో పరమాణువు ప్రోటీన్‌తో ఎంత బాగా ఆనుకుందో చూసి అన్నీ కూడుతుంది. పరమాణువులు ఎక్కువున్నకొద్దీ కూడడానికి ఎక్కువుంటుంది. రైతుబజారులో పెద్ద గుమ్మడికాయ ఎక్కువ తూగుతుంది, తియ్యగా ఉందని కాదు. ప్రయోగశాలల్లో ఏళ్ళ తరబడి చెక్కిన అసలీ మందులు సాధారణంగా పెద్దవి. కేటలాగ్ నుంచి ఏరినవి చిన్నవి. ఇక ప్రోటీన్ ఏదైనా కానీ, పెద్దవాటిని పైకి తోసే ఏ ప్రోగ్రామైనా ఈ ఇమ్తిహాన్‌లో పాసవుతుంది. 2003లో అమెరికాలో మెకరెల్ బృందం అణుభారాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఎంపిక ఎలా పక్కదారి పడుతుందో చూపించింది. 2004లో ఇంగ్లండ్ కేంబ్రిడ్జ్‌లోని ఆస్టెక్స్ కంపెనీకి చెందిన వెర్డోంక్, సాథీలు ఇంకా సూటిగా చెప్పారు: డికాయ్‌లు అసలీవాటిలాంటి సైజులో లేకపోతే వచ్చే విజయం కృత్రిమం.

2004. ఖాలా బొమ్మ వచ్చింది 2021లో. ఆ బొమ్మలో గుంటలో కూచున్న అణువు థైమోక్వినోన్ కాదు. కలోంజీ పేరు చెప్పగానే శాస్త్రవేత్తలకు గుర్తొచ్చేది థైమోక్వినోన్. దాని అణుభారం 164, ఆస్పిరిన్ కంటే చిన్నది. బొమ్మలో ఉన్నది ఆల్ఫా-హెడెరిన్. అణుభారం 750. కలోంజీలోని నాలుగైదు అణువుల్ని తూచి అన్నిటికంటే పెద్ద గుమ్మడికాయకు పెద్ద అంకె వచ్చిందని ఎవరో ఫోటో తీశారు. పదిహేడేళ్ళ ముందే అచ్చయిన హెచ్చరిక అది. నేను చదివి ఉన్నాను కూడా. ఇఫ్తార్‌కి ముందు, ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో గరిటె, అంకె ఒక్కటే చూశాను. ఆ పరేడ్‌లో పక్కన ఎవరెవరు నిలబడ్డారో అడగలేదు.

పక్కన ఎవరు నిలబడ్డారు అనే సవాల్ కొత్తది కాదు. పదో శతాబ్దం మొదట్లో చనిపోయిన అబూబకర్ అల్‌రాజీ తన నోట్సుల్లో, మరణానంతరం అల్‌హావీగా కూర్చినదాంట్లో, సర్సామ్ లక్షణాలున్న మరీజుల గురించి రాస్తూ ఒక గుంపుకి నెత్తురు తీశానని, ఇంకో గుంపుకి కావాలనే తీయలేదని చెప్పాడు. తేడా తెలియాలి కాబట్టి. ఆయన తేల్చిన ఫైసలా ఈ రోజు నిలబడదు, నెత్తురు తీయడం సర్సామ్‌కి ఇలాజ్ కాదు. రెండో గుంపు పెట్టాలన్న ఆలోచన మాత్రం నిలబడింది. ఇబ్నె సీనా ఖానూన్ రెండో కితాబులో మందును పరీక్షించడానికి షరతులు రాశాడు. ఒక షరతు ప్రకారం మందును రెండు పరస్పర విరుద్ధమైన రోగాల మీద చూడాలి. రెండిట్లోనూ పనిచేసినట్టు కనబడితే అది దేనివల్ల పనిచేసిందో మనకు తెలియనట్టే. చార్మినార్ పక్కన నిజామియా దవాఖానా మెట్లు ఎక్కే మన పెద్దవాళ్ళకి ఈ పేర్లు తెలుసు, షరతులు తెలిసినవాళ్ళు తక్కువ.

మళ్ళీ శాన్ ఫ్రాన్సిస్కోకి. 2006లో అదే విశ్వవిద్యాలయంలో నియు హువాంగ్, బ్రయన్ షోయిషెట్, జాన్ ఇర్విన్ గడ్డం సమస్యకు గడ్డంతోనే జవాబిచ్చారు. 40 ప్రోటీన్లు తీసుకున్నారు. వాటికి అతుక్కునే అసలీ అణువులు 2,950. ఒక్కో అసలీ అణువుకి 36 డికాయ్‌లు. ఈసారి ఎలా పడితే అలా ఏరలేదు. అణుభారం, నీటిలో నూనెలో కరిగే తీరు, హైడ్రోజన్ బంధాల లెక్క, ఇవన్నీ అసలీదానికి దగ్గరగా ఉన్నవాటినే తెచ్చారు. నిర్మాణంలో మాత్రం వేరుగా ఉండాలి, లేకపోతే డికాయ్ కూడా నిజంగానే అతుక్కునే ప్రమాదం ఉంది. ఆ సంగ్రహం పేరు డడ్. ముఫ్త్‌గా అందరికీ ఇచ్చేశారు. అప్పటిదాకా మెరిసిన మార్కులు చాలా ప్రోగ్రాములకి ఇక్కడ తగ్గాయి. వాళ్ళు నడిపే డాక్ ప్రోగ్రామ్‌కి కూడా. తమ గుర్రం ఓడే పందెం తామే కట్టిన మనుషులు. నాకు వాళ్ళంటే అందుకే ఇజ్జత్.

డడ్‌లోనూ లొసుగులు బయటపడ్డాయి. 2008లో గుడ్, ఓప్రియా లెక్కతీస్తే అసలీ అణువుల్లో చాలావరకు ఒకే ఖాందాన్‌వి. ఒకే అస్థిపంజరానికి చిన్నచిన్న మార్పులు. అలాంటప్పుడు ఒక్కణ్ణి గుర్తుపడితే తమ్ముళ్ళంతా దొరికినట్టే, మార్కులు ఉబ్బిపోతాయి. అణువు మీది విద్యుదావేశం డికాయ్‌లకు సరిపోల్చలేదన్నది ఇంకో ఫిర్యాదు. 2012లో మైసింగర్, ఇర్విన్, షోయిషెట్ వాళ్ళు అదంతా సవరించి పెద్ద సంగ్రహం తెచ్చారు, పేరు డడ్-ఈ. 102 ప్రోటీన్లు, 22,886 అసలీ అణువులు, ఒక్కోదానికి 50 డికాయ్‌లు. ఖాందాన్ల వారీగా ఏరి తగ్గించారు, ఆవేశాన్నీ సరిపోల్చారు.

ఒక్క సంగతి అప్పటికీ మిగిలింది. డికాయ్‌లు పనిచేయవని ఎవరూ గాజుగొట్టంలో పెట్టి చూడలేదు, పనిచేయవని అనుకున్నారు. 2009లోనే జర్మనీలో రోరర్, బౌమాన్ వేరే దారి పట్టారు. అమెరికా ప్రభుత్వ ఖజానా పబ్‌కెమ్‌లో నిజంగా పరీక్ష చేసి పనిచేయలేదని నమోదైన అణువులే డికాయ్‌లు. పేరు మవ్. అది ఎంత కఠినం అంటే చాలా పద్ధతులు అక్కడ బిళ్ళ ఎగరేసినదానికి కొంచెమే మెరుగ్గా తేలాయి. మార్కులు తక్కువొచ్చే పరీక్షని ఎవరు ప్రేమగా రాస్తారు? ఎక్కువమంది డడ్-ఈ లోనే ఉండిపోయారు.

ఇప్పుడు ఈ తారీఖ్‌లో నాకు నిద్రపట్టనీయని భాగం.

2015 నుంచి డీప్ లెర్నింగ్ వచ్చింది. చేతితో రాసిన సూత్రాలు అక్కర్లేదు, అసలీ-డికాయ్ జతల బొమ్మలు లక్షల్లో చూపిస్తే యంత్రమే నేర్చుకుంటుంది. డడ్-ఈ మీద వాటి మార్కులు అంతకుముందు ఎవరూ చూడనంత పైకి వెళ్ళాయి. మా ఆఫీసులోనూ ఆ గ్రాఫులు తెరమీద వేసుకుని మీటింగులు పెట్టుకున్నాం. ఒక మీటింగులో గ్రాఫు చూపించింది నేనే, చప్పట్లు కూడా పడ్డాయి.

2019లో న్యూయార్క్‌లోని లేమన్ కాలేజీకి చెందిన టామ్ కర్ట్జ్‌మన్, మరికొందరు కలిసి ఒక పని చేశారు. చాలా చిన్న పని. ఆ యంత్రానికి ప్రోటీన్ చూపించడం మానేశారు. తాళం తీసేసి చెవులు మాత్రమే ఇచ్చి ఏది తెరుస్తుందో చెప్పమన్నారు. తాళం లేకుండా ఆ సవాల్‌కి అర్థమే లేదు. మార్కులు దాదాపు అవే వచ్చాయి.

అంటే ప్రశ్నాపత్రం ఇవ్వకపోయినా కుర్రాడు అన్నే మార్కులు తెచ్చుకున్నాడు. అతను పాఠం నేర్వలేదు. సరైన జవాబు ఎప్పుడూ నాలుగింటిలో కాస్త పొడుగ్గా ఉంటుందని పసిగట్టాడు. అణువుల విషయంలో ఆ పొడుగు ఎక్కణ్ణుంచి వచ్చింది? పైన చెప్పాను, డికాయ్‌లు నిర్మాణంలో అసలీవాటికి వేరుగా ఉండాలని షరతు పెట్టారని. పొరపాటున అతుక్కునేవి డికాయ్‌లుగా దూరకూడదని, ఇన్సాఫ్ కోసమే పెట్టిన షరతు. ఆ షరతే ప్రతి డికాయ్ మీదా ఒక కనబడని ముద్ర వేసింది. మనిషి కంటికి ఆనదు, లక్షల బొమ్మలు చూసిన యంత్రం పట్టేసింది. దానికి తోడు అసలీవాటి ఖాందాన్ పోలికలు. ధోకా ఎవరూ చేయలేదు. పాత డాకింగ్ ప్రోగ్రాములకి కట్టిన పరేడ్‌లోకి, నేర్చుకునే కొత్త సాక్షిని తెచ్చారు, అంతే. పాత సాక్షికి ఇన్సాఫ్ అయినది కొత్త సాక్షికి కాలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. 2018లో వాలక్, హైఫెట్స్ ఇలాంటి హెచ్చరికే చేశారు: ఈ రంగంలో వాడే పరీక్షలు చాలావరకు అర్థం చేసుకున్నవాణ్ణి కాక బట్టీ పట్టినవాణ్ణి గెలిపిస్తున్నాయని. 2015లో డీప్ లెర్నింగ్‌ని ఈ పనిలోకి మొదట తెచ్చిన వాళ్ళలో ఈ ఇద్దరూ ఉన్నారు. తమ దుకాణం ముందు నిలబడి సరుకు తూచే తరాజూనే షక్‌గా చూసిన వాళ్ళు. నేనైతే నా గ్రాఫుని ఇంకో ఏడాది వాడాను.

ఇదంతా పాత జవాబుల మీద పరీక్ష. రెండో రకం పరీక్ష ఉంది, ముందుకు చూసేది. ఎవరికీ జవాబు తెలియని చోట కంప్యూటర్‌తో ఎంపిక చేయించి, ఆ అణువుల్ని నిజంగా కొని, గాజుగొట్టంలో పెట్టడం. ఖర్చు ఎక్కువ, సబర్ ఇంకా ఎక్కువ కావాలి. 2002లో డోమన్, షోయిషెట్ వాళ్ళు షుగర్ జబ్బుకి సంబంధించిన పీటీపీ1బి అనే ఎంజైము మీద రెండు దారుల్నీ పక్కపక్కన నడిపించారు. ఒక పక్క కంపెనీ గిడ్డంగిలోని దాదాపు 4,00,000 అణువుల్ని యంత్రాలతో నేరుగా పరీక్షించారు, 85 పనిచేశాయి. ఇంకో పక్క కంప్యూటర్ దాదాపు 2,35,000 అణువుల్ని చూసి ఏరిచ్చిన 365ని పరీక్షించారు, 127 పనిచేశాయి. వందకి 34.8. గుడ్డిగా వెతకడం కంటే 1,700 రెట్లు మేలు అని లెక్క. ఈ అంకె ఇప్పటికీ సెమినార్లలో వినబడుతుంది. రెండు గిడ్డంగులు వేరన్న మాట అంతగా వినబడదు. ఒకటి కంపెనీ సొంత సరుకు, రెండోది బజారులో అమ్మే సరుకు. రెండు వేర్వేరు చెరువుల్లో వల వేసి ఏ వల మంచిదో తేల్చడం లాంటిది. పూర్తిగా బేకార్ ముఖాబలా కాదు, కానీ 1,700 అన్న అంకెకి అంత బరువు మోసే బలం లేదు.

అదే 2002లో షోయిషెట్ ప్రయోగశాల నుంచే ఇంకో మాట వచ్చింది. మెక్‌గవర్న్, సాథీలు చెప్పినది: గాజుగొట్టంలో పనిచేసినట్టు కనబడే అణువుల్లో కొన్ని గుంటలోకి వెళ్ళనే వెళ్ళవు. నీటిలో ఉండలు కట్టి, ఎంజైమును ఆ ఉండలకి అతికించుకుంటాయి. ఎంజైము ఆగుతుంది, మనం మందు దొరికిందని ఖుషీ అవుతాం. డిటర్జెంట్ కొంచెం కలిపితే ఉండలు విడిపోయి కామియాబీ కూడా కరిగిపోతుంది. అంటే కంప్యూటర్‌కి పరీక్ష పెట్టే గాజుగొట్టానికీ పరీక్ష పెట్టాలి.

నేను ఎక్కువ నమ్మే పరీక్ష 2019 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో వచ్చింది. జియాంకున్ ల్యూ, షోయిషెట్, ఇర్విన్, ఇంకా చాలామంది. ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని ఎనమైన్ కంపెనీ ఆర్డరిస్తే చేసిపెట్టే అణువుల జాబితా నుంచి 13.8 కోట్లని డి4 అనే డోపమైన్ రిసెప్టర్ గుంటలో తిప్పిచూశారు. 549 అణువుల్ని తయారు చేయించి పరీక్షించారు. వాటిల్లో ఒకటి చాలా తక్కువ మోతాదులోనే అతుక్కుంది, దాని తారీఫ్ అందరూ చేశారు. నాకు నచ్చింది అది కాదు. ఆ 549లో పైర్యాంకులవే కాదు, మధ్యవీ కిందవీ కూడా ఉన్నాయి. కంప్యూటర్ పనికిరావన్న వాటికి కూడా డబ్బు పెట్టి చేయించారు! మందుల కంపెనీలో పనిచేసే నాకు తెలుసు ఆ బిల్లు మీద సంతకం తీసుకోవడం ఎంత కష్టమో. స్కోరు తగ్గేకొద్దీ పనిచేసేవి కూడా తగ్గుతూ పోయాయి. ఏరినవాటినే పరీక్షిస్తే స్కోరుకి విలువ ఉందో, ఏరిన మనిషి కంటికి ఉందో ఎప్పటికీ తెలియదు. పారేసినవాటినీ తూచారు కాబట్టి ఆ ప్రోటీన్ వరకు స్కోరుకి అర్థం ఉందని తెలిసింది.

ఆ తర్వాత కెనడాలోని టొరంటో కేంద్రంగా కాష్ అనే పోటీ మొదలైంది. పోటీదారులకి జవాబు తెలియదు, ఎందుకంటే జవాబు ఇంకా ఎక్కడా లేదు. తీర్పు చెప్పేది వేరే ప్రయోగశాల. మొదటి పోటీ పార్కిన్సన్ జబ్బుకి సంబంధించిన ఎల్ఆర్ఆర్‌కే2 ప్రోటీన్‌లోని ఒక భాగం మీద. దానికి అతుక్కునే అణువు ఏదీ అప్పటికి లోకానికి తెలియదు. 23 బృందాలు ఒక్కోటి వంద దాకా అణువుల్ని ఎంచుకున్నాయి. మొత్తం 1,955. అందులో 73 ఏదో మేరకు అతుక్కున్నాయి. వాటిని ఇంకా పొడిగించి, రెండు వేర్వేరు పద్ధతుల్లో తూచి చూస్తే నిలిచినవి ఏడు కుటుంబాలు. అవీ బలహీనమే. డీప్ లెర్నింగ్ వాడినవాళ్ళకీ, పాత పద్ధతిలో ఓపిగ్గా ఒక్కోదాన్నీ తిప్పిచూసినవాళ్ళకీ పెద్ద తేడా రాలేదు. నా మీటింగులోని గ్రాఫు పక్కన ఈ ఏడు పెట్టి చూసుకుంటాను అప్పుడప్పుడు.

అయితే డాకింగ్ అంతా బోగస్ అని నేను అన్నట్టు ఎవరూ ఫార్వర్డ్ చేయకండి. ఖాలా బొమ్మలో ఉన్న ప్రోటీన్ కరోనా వైరస్ ముఖ్య ప్రోటీయేజ్. అదే ప్రోటీన్ మీద జపాన్‌లో షియోనోగి కంపెనీ తమ గిడ్డంగిలోని అణువుల్ని కంప్యూటర్‌లో జల్లెడ పట్టింది. మిగిలినవాటిని ప్రయోగశాలలో పరీక్షించింది, దొరికిన బలహీనమైన దాన్ని నెలల తరబడి మెహనత్ చేసి చెక్కింది. అదే ఎన్‌సిట్రెల్విర్. మనుషుల మీద, మందు ఇచ్చిన గుంపు పక్కన ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన గుంపుని పెట్టి చూశాక, 2022 నవంబర్‌లో జపాన్ ప్రభుత్వం అత్యవసర అనుమతి ఇచ్చింది. ఖాలా బొమ్మ ఆగిపోయిన చోట వాళ్ళ పని మొదలైంది.

ఖాలా చిన్న కొడుకు ఇప్పుడు ఎం.ఫార్మ్ రెండో సంవత్సరం. మన తెలుగు రాష్ట్రాల ఫార్మసీ కాలేజీల్లో చాలా ప్రాజెక్టులకి డాకింగ్ అధ్యాయం తప్పనిసరి అలంకారం. సాఫ్ట్‌వేర్ ముఫ్త్, లాప్‌టాప్ చాలు, బొమ్మ అందంగా వస్తుంది. వాడి ప్రాజెక్టు మెంతుల్లోని ఆరు అణువులు, షుగర్ జబ్బుకి, అదే పీటీపీ1బి మీద. డిసెంబర్‌లో ఫోన్ చేసి, "ఆపా, మైనస్ ఎనిమిదిన్నర వచ్చింది, బాగుందా?" అన్నాడు.

ఈసారి నేను స్టవ్ ఆపి కూచున్నాను. డడ్-ఈలో పీటీపీ1బి ఉందని చెప్పాను. దాని అసలీ అణువుల్లో యాభై, వాటి డికాయ్‌లలో ఐదొందలు దించుకో, నీ ఆరింటినీ వాటిలో కలుపు, అన్నిటికీ ఒకే సెట్టింగ్, తర్వాత ర్యాంకులు వేసి పంపు అన్నాను. లాప్‌టాప్ పది రాత్రులు నడిచింది. కరెంటు పోయి రెండుసార్లు మొదటికొచ్చింది. పంపిన పట్టికలో అసలీవీ డికాయ్‌లూ పైనుంచి కిందిదాకా కలగాపులగం. వాడి సెట్టింగ్‌లో ఆ ప్రోటీన్ మీద ఆ సాఫ్ట్‌వేర్‌కి రెండింటి తేడా దాదాపు తెలియలేదు. వాడి మెంతి అణువుల్లో మేలైనది వందకి పైన ఎక్కడో ఉంది. దాని పైన ఉన్నవాటిల్లో ఎక్కువ డికాయ్‌లే.

గైడ్ సార్ ఆ పట్టిక ఎందుకు, అందమైన బొమ్మ ఉందిగా, ఎగ్జామినర్ లేనిపోని సవాళ్ళు వేస్తాడు అన్నారట. వాడు రెండు రోజులు ఆలోచించాడు. ఖాలా నాకు ఫోన్ చేసి మార్కులు పోతాయేమో బేటీ అంది. పోవచ్చు ఖాలా అన్నాను.

పట్టిక 61వ పేజీలో ఉంది. వైవా వచ్చే నెల. నిన్న రాత్రి వీడియో కాల్ చేస్తే వాడు జిరాక్స్ షాపు నుంచి అప్పుడే వచ్చాడు. ఖాలూ నేలమీద చాప వేసుకుని, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, నాలుగు కాపీల పేజీలు వరసపెడుతున్నారు. మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ, 60 తర్వాత 62 వచ్చిన కాపీని పక్కకు తీసి పెట్టారు.